‘చూద్దాంలే’లో ‘లే’

“నా కాలు సంగతి కాగితానికెక్కడానికి వీల్లేదంటే వీల్లేదు!”

అత్తగారు చేతికర్రతో నేలమీద ఒక్క పోటు పొడిచారు. బల్లమీద కాఫీకప్పులు గలగలలాడాయి. పొద్దుటినుంచీ ఆవిడ ఆ మాటే అంటున్నారు, కోడలు బతిమాలుతూనే ఉంది.

“ఊరంతా చాటనత్తయ్యా. ఆ ఎక్స్‌రే ఒక్కసారి ఇవ్వండి. కమిటీకి చూపించి సాయంత్రానికల్లా తెచ్చి మళ్ళీ మీ బీరువాలోనే పెట్టేస్తాను.”

“ముక్కూ మొహం తెలీని వాళ్ళు నా తుంటి ఎముకని వెలుతురుకి పెట్టి చూస్తారా? నీకెలా ఉందో గానీ, నాకు సిగ్గుగా ఉంది.”

“చూపించకపోతే నా దరఖాస్తు బల్లమీదికే రాదత్తయ్యా. ఇవాళ్టితో నా రిజిస్ట్రేషను గడువు అయిపోతుంది. ఆరునెలలు పొడిగించకపోతే ఇన్నేళ్ళ చదువూ చెత్తబుట్టలోకే.”

అందులో అతిశయోక్తి ఏమీ లేదు. మధ్యాహ్నం యూనివర్సిటీలో పరిశోధన కమిటీ కూర్చుంటుంది. గడువు పొడిగించాలంటే కారణం కావాలి, కారణానికి రుజువు కావాలి. ఆ సంగతి కమిటీ గుమాస్తా ఫోను చేసి మరీ చెప్పాడు. కారణం చూస్తే ఎదురుగా కుర్చీలో కర్ర పట్టుకుని కూర్చుని ఉంది. రుజువేమో ఆవిడ బీరువాలో ఉంది. బీరువా తాళం ఆవిడ మెడలో ఉంది.

ఇంజనీరుగా చేస్తున్న ఆవిడ కొడుకు అద్దం ముందు నిలబడి గడ్డం గీసుకుంటున్నాడు. ఒక చెంప నున్నగా తేలింది, రెండో చెంప ఇంకా నురగలోనే ఉంది. “దీనికింత రాద్ధాంతం దేనికి?” అన్నాడు అద్దంలోంచే భార్యను చూస్తూ. “నీకే ఒంట్లో బాలేదని రాసెయ్. మా ఆఫీసు డాక్టరు సర్టిఫికెట్ ఇస్తాడు.”

“నాకేం జబ్బండీ?”

“ఏదో ఒకటి. నీరసం.”

“ఏడాది పొడుగునా నీరసమా?”

“పోనీ నడుంనొప్పి అని రాయి. ఎవరొచ్చి చూస్తారు?”

కోడలికి ఒళ్ళు మండింది. నడుంనొప్పి నిజంగానే వచ్చింది, అత్తగారిని మంచం మీదనుంచి లేపీ లేపీ. అప్పుడెప్పుడూ ఈయన దాన్ని జబ్బుగా గుర్తించిన పాపాన పోలేదు. ఇప్పుడు అబద్ధానికి పనికొస్తుందనేసరికి ఠక్కున గుర్తొచ్చింది.

“అబద్ధం రాయను,” అంది. “జనం ఉన్నమాట చెప్పకుండా ఎలా తప్పించుకుంటారన్నదే నా చదువు. ఆ చదువుకి గడువు కోసం నేనే తప్పుడు సర్టిఫికెట్ పట్టుకెళ్ళాలా?”

“సరే, నీ ఇష్టం. నిజం రాసుకుని ఇంట్లో కూర్చో.”

అత్తగారు కిటికీ వైపు మొహం తిప్పుకున్నారు. ఆవిడ బాధ ఆవిడది. ఉద్యోగమున్నన్నాళ్ళూ బళ్ళో డ్రిల్లు టీచరు. మైదానం ఈ చివర ఈల వేస్తే ఆ చివర పిల్లలు నిటారుగా నిలబడేవారు. అలాంటి మనిషి డాబామీద పక్కింటి ఆడపిల్లలకు స్కిప్పింగ్ నేర్పుతానని కొంగు బిగించి, ఎగిరి, తాడు కాలికి తగులుకుని పడిపోయారు. తుంటి విరిగింది. ఏడాది మంచం. పక్క తిప్పడానికీ, బాత్‌రూముకి నడిపించడానికీ అన్నిటికీ కోడలే. తోటి టీచర్లు ఫోను చేస్తే మాత్రం ఆవిడ “ఆఁ, కాస్త బెణికిందంతే” అంటూ వచ్చారు. ఆ ‘కాస్త బెణకడం’ ఇవాళ ఎక్స్‌రేతో సహా కమిటీకెక్కితే, ఊళ్ళో తలెత్తుకోవడం ఎలాగన్నది ఆవిడ దిగులు.

ఇంజనీరు రెండో చెంప కూడా గీసుకుని రేజరును పంపు కింద కడిగాడు.

తర్వాత అత్తగారు కర్ర ఊతం చేసుకుని లేచారు. “చూస్తాను,” అని గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నారు.

“విన్నావుగా? కాదనేసింది,” అన్నాడు ఇంజనీరు తువ్వాలుతో చెంపలు తుడుచుకుంటూ. “ఇకనైనా నా మాట విని నీరసం రాసెయ్.”

“అత్తయ్య చూస్తానన్నారు. చూద్దాంలే అనలేదు.”

“రెంటికీ తేడా ఏంటట?”

“నా చదువంతా ఆ తేడా మీదేనండీ.”

అతను నవ్వేసి చొక్కా వెతుక్కోవడానికి వెళ్ళిపోయాడు. కానీ ఆమె సరదాకి అనలేదు. ఇంట్లో మనుషులు ‘కాదు’ అనకుండా ఎలా కాదంటారన్నది ఆమె పరిశోధన. రికార్డరు పట్టుకుని ఇంటింటికీ తిరిగేది. అందుకే అత్తగారు ఆమెకు ‘టేపురాణి’ అని పేరు పెట్టారు. అన్ని ఇళ్ళు తిరిగితే తేలిందేమిటంటే, ‘చూద్దాం’ అంటే ఇంకా ఆశ ఉంది. ‘చూద్దాం చూద్దాం’ అని రెండుసార్లంటే విసుగు మొదలైంది. ‘చూద్దాంలే’ అన్నారంటే మాత్రం ఆ సంగతి అక్కడితో సరి. చివర ఆ ‘లే’ పడ్డాక ముందుకు కదిలిన పని ఆమెకు ఎక్కడా కనబడలేదు. ‘చూస్తాను’ అన్నవాళ్ళు వేరు. వాళ్ళు మొహం చిట్లించుకునైనా, ఆలస్యంగానైనా ఆ పని చేస్తారు.

తన ఇంట్లోనూ అంతే. వచ్చేనెల భర్తకి పై ఊరికి బదిలీ. “నా థీసిస్ అయ్యాక వెళ్దామా?” అని ఆమె అడిగిన రోజున, అతను బూటు లేసు ముడేసుకుంటూ తల ఎత్తకుండానే “చూద్దాంలే” అన్నాడు. ఆ మర్నాడే అట్టపెట్టెలు తెచ్చి వరండాలో పేర్చాడు.

వెళ్ళాల్సిన వేళయింది. అత్తగారి తలుపు తెరుచుకోలేదు. కోడలు ఫైలు చంకన పెట్టుకుని, చెప్పులేసుకుని, గుమ్మంలో ఓ నిమిషం తారట్లాడి, ఇక లాభంలేదని గేటు దాకా వచ్చింది. కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తన లెక్క తన ఇంట్లోనే తప్పిందే అనుకుంది.

సరిగ్గా అప్పుడు వెనకనుంచి ఈల మోగింది.

మామూలు ఈల కాదు, డ్రిల్లు ఈల. సైకిలు మీద పోతున్న పెద్దమనిషి బ్రేకు వేశాడు. ఎదురింటావిడ బట్టలారేస్తూ కొయ్యబారిపోయింది. కిటికీ దగ్గర అత్తగారు నిలబడి ఉన్నారు, నోట్లో ఈల, చేతిలో పొడుగాటి ఎక్స్‌రే కవరు.

కోడలు పరుగున వెనక్కొచ్చింది.

“ముందు ఇది చెప్పు. దరఖాస్తులో ఏమని రాశావ్?” అన్నారు అత్తగారు కవరు ఇవ్వకుండానే.

“మా అత్తగారు జారిపడినందువల్ల అని…”

“జారిపడ్డమేంటి? సబ్బు మీద కాలేసిన ముసలమ్మననుకున్నావా? కొట్టెయ్! స్కిప్పింగ్ చేస్తూ పడ్డారని రాయి. నేను ఎగురుతూ పడ్డాను. ఆ మాట రాస్తేనే ఈ కవరు నీ చేతికొచ్చేది.”

“కమిటీవాళ్ళు నవ్వుతారేమో అత్తయ్యా.”

“నవ్వనీ. నవ్వినవాళ్ళని లేచి ఓసారి ఎగిరి చూపించమను.”

కోడలు ఫైలును గోడకానించి ‘జారిపడినందువల్ల’ కొట్టేసి, ఆ పైన ఆవిడ చెప్పినట్టే రాసింది. అత్తగారు కళ్ళద్దాలు పెట్టుకుని చదువుకున్నారు. కవరును కిటికీ ఊచల మధ్యనుంచి బయటికి తోశారు. కోడలు పట్టుకుంది గానీ ఆవిడ రెండో అంచు వదల్లేదు.

“ఆ ఏడాదీ నన్నెవరు నిలబెట్టారో కూడా రాయి,” అన్నారు. “నసగకుండా రాయి. రాయడం నీకు చేతకాకపోతే నేనొచ్చి చెప్తాను.”

అన్నాళ్ళ చాకిరీలో అత్తగారి నోట ఒక్క మంచిమాట వినలేదు కోడలు. వినాలని ఆశపడటం కూడా మానేసింది. ఇప్పుడు ఊచల్లోంచి ఆవిడ వేళ్ళు గట్టిగా పట్టుకుంది.

“ఇక పో, ఆలస్యమైపోతోంది,” అని అత్తగారు ఇంకో ఈల వేశారు.

*

కమిటీ గదిలో ఒక పొడుగాటి బల్ల, దాని వెనక మూడు కుర్చీలు, ఇవతల కోడలికి ఒకటి ఉన్నాయి. మధ్య కుర్చీలో డీన్‌గారు కూర్చున్నారు. కుడివైపు ఆమె గైడు మేడమ్. మేడమ్ మంచి మనిషే గానీ డీన్‌గారి ముందు మాత్రం కుక్కిన పేనే. ఎడమవైపు చరిత్ర ప్రొఫెసరు భోజనం చేసివచ్చిన మత్తులో కళ్ళు మూసుకుని ఆలోచిస్తున్నట్టు కనబడుతున్నారు.

డీన్‌గారు దరఖాస్తు చదువుతూ చదువుతూ ఒకచోట ఆగిపోయారు. కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నారు.

“స్కిప్పింగా?”

చరిత్ర ప్రొఫెసరు కళ్ళు తెరిచారు.

“అవును సార్. మా అత్తగారు డ్రిల్లు టీచరుగా చేశారు.”

డీన్‌గారు ఎక్స్‌రే తీసి కిటికీకి ఎదురుగా పట్టుకుని, తల అటూ ఇటూ వాల్చి, ఎంతో గంభీరంగా పరిశీలించారు.

“సార్, తలకిందులుగా ఉంది,” అంది కోడలు మెల్లగా.

ఆయన దాన్ని తిప్పకుండానే కింద పెట్టేశారు. “చూడమ్మా, ఇంటి పనులన్నీ కారణాలనుకుంటే ఇక గడువు అన్నదానికే అర్థం లేదు. ఇదే బల్ల ముందు ఎందరో మగపిల్లలు కూర్చున్నారు. ఒక్కడైనా ఇలాంటి కారణం రాశాడా?”

“వాళ్ళ ఇళ్ళల్లోనూ ఎవరో ఒకరు పడే ఉంటారు సార్. లేపినవాళ్ళు వేరే ఉంటారు.”

గైడు మేడమ్ గ్లాసులో నీళ్ళు గటగటా తాగేశారు. డీన్‌గారు కోపం తెచ్చుకోబోయి, ఎందుకో తెచ్చుకోలేక, చిరునవ్వు నవ్వారు. పెద్దవాళ్ళు చిన్నవాళ్ళను సాగనంపేటప్పుడు నవ్వే నవ్వు అది. ఫైలు మూసి పక్కకు జరిపారు.

“మంచిదానివి. చక్కగా చదువుకున్నావు. వెళ్ళిరా అమ్మా. చూద్దాంలే.”

గైడు మేడమ్ మొహం విప్పారింది. “చాలా థాంక్స్ సార్!” అంటూ లేచి నిలబడి, ఇక పద అన్నట్టు కోడలికి సైగ చేశారు. తలుపు దగ్గర గుమాస్తా తలుపు బార్లా తెరిచి, నవ్వు మొహంతో పక్కకు తప్పుకున్నాడు. గదిలో అందరికీ పని అయిపోయినట్టే ఉంది.

కోడలు ఒక్కతే ఆ ‘లే’ విన్నది.

లేచి నమస్కారం పెట్టి వెళ్ళిపోతే ఈ పూటకి మర్యాద దక్కుతుంది. సాయంత్రానికి గడువు తీరిపోతుంది. రేపు వచ్చి అడిగితే ‘అయ్యో, నిన్నటితోనే అయిపోయింది కదమ్మా’ అంటారు. అంతా ఎంత మర్యాదగా జరిగిపోతుందో ఆమెకు కంఠతా వచ్చు. తన టేపుల నిండా ఉన్నది ఆ మర్యాదే.

ఆమె లేవలేదు.

“సార్, మీరు కాదన్నారు.”

“ఎప్పుడన్నానమ్మా? చూద్దామన్నాను కదా!”

“చూద్దాం అనలేదు సార్. చూద్దాంలే అన్నారు. నా థీసిస్‌లో ఒక అధ్యాయమంతా ఆ ‘లే’ మీదే ఉంది. ఆ మాట అన్నాక పని జరిగిన ఇల్లు నాకింతవరకూ ఒక్కటీ దొరకలేదు.”

గైడు మేడమ్ గబుక్కున మళ్ళీ కూర్చుని బల్ల కింద ఆమె కాలు తొక్కారు. పాపం, గట్టిగానే తొక్కారు. డీన్‌గారు ఆమెను ఎగాదిగా చూశారు.

ఉన్నట్టుండి చరిత్ర ప్రొఫెసరు పకపకా నవ్వారు. మత్తంతా వదిలిపోయింది ఆయనకి.

“అమ్మాయి నిజం చెప్పింది సార్! మా డిపార్టుమెంటు పైకప్పు కారుతోందని నేనొచ్చి మొరపెట్టుకుంటే మీరన్న మాట అదే. అక్షరం పొల్లుపోలేదు. ఇప్పటికీ కారుతూనే ఉంది. బీరువాల మీద బకెట్లు పెట్టుకుని పాఠాలు చెప్పుకుంటున్నాం.”

“అది నిధుల సమస్యండీ…”

“నా సెలవు సంగతీ అంతే సార్,” అన్నారు గైడు మేడమ్.

అన్నాక తనే కంగారుపడి చేతిరుమాలు నోటికి అడ్డం పెట్టుకున్నారు. కోడలి కాలు మీదనుంచి మేడమ్ పాదం తొలగిపోయింది. తలుపు దగ్గర గుమాస్తా దగ్గు వచ్చినట్టు అటు తిరిగిపోయాడు. అతని భుజాలు మాత్రం ఎగురుతున్నాయి.

డీన్‌గారి చెవులు ఎర్రబడ్డాయి. “అయితే నన్నేమనమంటావమ్మా?”

“కుదరదనండి సార్, ఒప్పుకుంటాను. కానీ ఎందుకు కుదరదో రాసి సంతకం పెట్టండి. ఇవ్వాలనిపిస్తే ఇస్తున్నాననండి. రెంటిలో ఏదైనా సరే. చూద్దాంలే మాత్రం వద్దు సార్.”

డీన్‌గారు కలం చేతిలోకి తీసుకున్నారు. మూత తియ్యలేదు. ఎక్స్‌రే మళ్ళీ తీసి, ఈసారి సరిగ్గా పట్టుకుని చూశారు. ఎముక విరిగినచోట వేసిన మేకులు తెల్లగా మెరుస్తున్నాయి. చాలాసేపు చూశారు.

“ఇప్పుడు నడుస్తున్నారా ఆవిడ?”

“నడుస్తున్నారు సార్. ఇందాక కిటికీ దగ్గర నిలబడి నా మీద ఈల కూడా వేశారు.”

ఆయన ఈసారి నిజంగా నవ్వారు. కలం మూత తీశారు.

“ఇస్తున్నాను. ఆరునెలలు. కానీ ఒక షరతుంది. ప్రతివారం డిపార్టుమెంటులో కనిపించాలి, మీ మేడమ్‌కి రాసింది చూపించాలి. థీసిస్ ఇచ్చేదాకా ఊరు దాటడానికి వీల్లేదు. ఒప్పుకుంటావా?”

కోడలికి వరండాలో పేర్చిన అట్టపెట్టెలు గుర్తొచ్చాయి. ‘ఇంట్లో అడిగి చెప్తాను సార్’ అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. ఆ మాట కూడా ఆమె టేపుల్లో కొల్లలుగా ఉంది.

“సరే సార్,” అంది.

“ఏ రకం సరే అమ్మా?” అన్నారు డీన్‌గారు కళ్ళజోడు పైనుంచి చూస్తూ. “నీలాంటిదానితో ముందే తేల్చుకోవడం మంచిది.”

“లే లేని సరే సార్.”

చరిత్ర ప్రొఫెసరు బల్ల మీద చరిచారు. డీన్‌గారు సంతకం బరికారు. గుమాస్తా ముద్ర తెచ్చి దభీమని వేశాడు. ఆ చప్పుడు ఆమెకు ఒళ్ళంతా వినిపించింది.

బయటికొచ్చాక గైడు మేడమ్ ఆమెను వాటేసుకున్నారు. “కాలు బాగా తొక్కానా?” అని అడిగి, జవాబు వినకుండానే, “రేపు నేనూ వెళ్ళి నా సెలవు సంగతి తేల్చుకుంటాను” అన్నారు. కోడలు మెట్లు దిగుతూ దిగుతూ పరిగెత్తింది. ఆ వయసులో, ఆ చీరలో, ఎవరు చూస్తున్నారో పట్టించుకోకుండా, చివరి మెట్టు మీదనుంచి ఎగిరి దూకింది. ఇంత సంతోషం ఆమె ఎరగదు.

*

సాయంత్రం ఇల్లంతా పండగలా ఉంది. ఇంజనీరు కేకు తెచ్చాడు. అత్తగారు మెడలో ఈలతోనే కూర్చుని, విరిగిన కాలు స్టూలు మీద చాపుకుని, కమిటీలో జరిగింది మొదటినుంచీ చెప్పించుకున్నారు. స్కిప్పింగ్ అన్నచోట ఎవరు నవ్వారని ఆరా తీశారు. ఎవరూ నవ్వలేదంటే తృప్తిగా తల ఊపారు.

కోడలు డీన్‌గారిలా ఫైలు మూసి, చిరునవ్వు నవ్వి, “వెళ్ళిరా అమ్మా, చూద్దాంలే” అని నటించి చూపించింది. ఇంజనీరు కళ్ళనీళ్ళొచ్చేలా నవ్వాడు.

“లే! ఆ లే ఒక్కటీ పట్టుకున్నావన్నమాట! పాపం, అంత పెద్దమనిషి అడ్డంగా దొరికిపోయాడు!” అన్నాడు. కేకు మీద చాకు ఆనించి, “ఇంకేం, కొత్త ఊళ్ళో క్వార్టర్సులో నీకో గది వేరే ఇచ్చేస్తా. ఆరునెలలూ హాయిగా కూర్చుని రాసుకో,” అన్నాడు.

“ఒక షరతు పెట్టారండీ. థీసిస్ ఇచ్చేదాకా ఊరు దాటకూడదట.”

చాకు ఆగిపోయింది.

“నువ్వేమన్నావు?”

“సరే అన్నాను.”

“నన్నొక్క మాట అడగకుండానే?”

ఆమె వరండాలోని అట్టపెట్టెల వైపు చూసింది. అతనూ అటు చూశాడు. అవి తెచ్చిన రోజున ఎవరు ఎవరిని అడిగారో ఇద్దరికీ గుర్తుంది.

“అవన్నీ నాకు తెలీదు,” అన్నాడు చివరికి. మొహం గంటుపెట్టుకున్నాడు. “వచ్చేనెల నాతో వస్తున్నావా, లేదా? అది చెప్పు.”

చూద్దాంలే అనేస్తే సరిపోయేది. నోట్లో సిద్ధంగా ఉంది ఆ మాట. కేకు కోసుకుని తినొచ్చు, ఈ పూట గొడవ లేకుండా గడిచిపోతుంది. తల్లులూ, అత్తలూ, వదినలూ, ఆమె టేపుల్లోని ఆడవాళ్ళందరూ సంసారాలు అలాగే ఈడ్చుకొచ్చారు.

ఆమె ఆ మాట మింగేసింది.

“రాను,” అంది. “ఈ ఆరునెలలూ రాను.”

అన్ని ఇళ్ళు తిరిగి అన్ని గొంతులు రికార్డు చేసింది గానీ, ఏ కోడలి గొంతులోనూ ఆ మాట ఇంత పొట్టిగా ఆమె వినలేదు. అనేశాక మనసు తేలిగ్గా ఉంది.

ఇంజనీరు చాకు పళ్ళెంలో పడేశాడు. “అలాగా! అయితే ఒక్కదానివే ఉండు. అమ్మా, నీ సామాన్లు సర్దుకో. మనిద్దరం వెళ్దాం. నువ్వు వస్తున్నావు కదా?”

అత్తగారు మెడలో ఈలని చీరకొంగుతో తుడిచారు. స్టూలు మీది కాలును రెండు చేతులా ఎత్తి నేలమీద ఆనించారు. కోడలి వైపు ఒక్కసారి చూసి, కొడుకు వైపు తిరిగారు.

“చూద్దాంలేరా,” అన్నారు.